యూనియన్ పేరుతో కోసిన 20 డాలర్లు: ఒక ఓడ జీతాల కేసు

థర్డ్ ఆఫీసర్ పంపిన ఫొటోలో జీతం చీటీ అడుగున, కోతల వరుసల్లో, 'యూనియన్ 20 డాలర్లు' అని ఉంది. దాని కింద అతని ప్రశ్న: "సార్, నెలనెలా ఇది కోస్తున్నారు. మేము ఏ యూనియన్‌లో ఉన్నాము? ఇక్కడ ఎవరిని అడిగినా ఏజెంటు కమిషనేమో అంటున్నారు. దీన్ని ఆపించే దారి ఉందా?"

నావికుల యూనియన్ తరఫున ఓడలెక్కి జీతాలు, ఒప్పందాలు సరిచూడటం నా ఉద్యోగం. దీనికి ముందు చాలా ఏళ్లు డెక్ అధికారిగా నేనూ సముద్రం మీదే ఉన్నాను. చందా ఎందుకు కోస్తున్నారన్న ప్రశ్న నాకు కొత్త కాదు, మామూలుగా ఒకటి రెండు జవాబులతో తీరిపోతుంది. ఈసారి ఆ 20 డాలర్ల వెంట వెళ్తే 16 మందికి నెలల తరబడి చేరని జీతం బయటపడింది. ఓడ పేరు, కంపెనీ పేరు, రేవు పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఏం జరిగింది, సాక్ష్యం ఎక్కడ దొరికింది, మా వల్ల ఏది కాలేదు అన్నది మాత్రం దాచుకోకుండా రాస్తున్నాను. ఓడ మీది అధికారి తన ఒప్పందాన్ని తాను చదవకపోతే నష్టం అతనొక్కడితో ఆగదని ఈ కేసులో కళ్లారా చూశాను.

ఓడ బొగ్గు, ధాన్యం మోసే బల్క్ క్యారియర్. సిబ్బంది 21 మంది. యజమాని ఒక దేశంలో ఉంటాడు. ఓడను నడిపించే మేనేజ్‌మెంట్ కంపెనీ ఇంకో దేశంలో ఉంది. వెనుక ఎగిరే జెండా మూడో దేశానిది. సిబ్బందిని పంపిన మేనింగ్ ఏజెంట్లు మరో రెండు దేశాల వాళ్లు. ఇందులో వింతేమీ లేదు. ప్రపంచంలో అతి పెద్ద నౌకా రిజిస్టర్లు లైబీరియా, పనామా, మార్షల్ దీవులవి. ఆ జెండాల కింద తిరిగే ఓడల యజమానులు చాలావరకు ఆ దేశాల వాళ్లు కారు.

మరి ఇలాంటి ఓడ మీద జీతం కోసం ఎవరు ఎవరితో బేరమాడాలి? జెండా దేశంలో యజమానికి ఉన్నది రిజిస్ట్రేషన్ కాగితమే. నావికుడి సొంత దేశపు చట్టానికి యజమాని చిక్కడు. 1896లో లండన్‌లో మొదలైన అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య, అందరూ ఐటీఎఫ్ అనే సంస్థ, ఈ చిక్కు మీదే 1948లో 'సౌకర్య జెండాల', అంటే యజమానిది కాని దేశపు జెండాల, వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టింది. అప్పటి నుంచి క్రమంగా స్థిరపడిన పద్ధతి ఏమిటంటే, జెండా ఏదైనా సరే, ఐటీఎఫ్‌కు అనుబంధమైన ఒక యూనియన్ ఆ ఓడ యజమానితో గాని మేనేజరుతో గాని సమష్టి ఒప్పందం కుదుర్చుకుంటుంది. ఆ ఒప్పందం మనిషికి కాదు, ఓడకు అంటుకుని ఉంటుంది. ఎవరు ఎక్కినా, ఎవరు దిగినా వర్తిస్తుంది. 2003 నుంచి పెద్ద యజమానుల బృందాలతో ఐటీఎఫ్ ఒకే బల్ల దగ్గర కూర్చుని బేరమాడే అంతర్జాతీయ వేదిక కూడా నడుస్తోంది. మన కేసులోని ఓడ ఆ వేదికలోది కాదు, విడిగా సంతకమైన ఒప్పందం. నావికుడి వైపు నుంచి చూస్తే దేనికైనా వెనుక అనుబంధంలో ఉండే జీతాల పట్టికే ప్రాణం.

ఓడ గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఓ నంబరు, పంపమన్నాను. ఆ ఏడంకెలు ఉంటే ఐటీఎఫ్ వెబ్‌సైటులో ఆ ఓడకు ఒప్పందం ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. ఉంది. ఏడాదిన్నరగా అమల్లో ఉంది. చందా చేరుతోందా అని ఆ ఒప్పందం చేసుకున్న యూనియన్‌కు రాస్తే, అవును, మూడు నెలలకోసారి సిబ్బంది జాబితాతో సహా క్రమం తప్పకుండా వస్తోందని జవాబు వచ్చింది. అంటే ఆ 21 మంది కాగితం మీద సభ్యులే. ఒక్కరికీ సభ్యత్వ కార్డు అందలేదు, ఒప్పందం ప్రతి అందలేదు, నీకు ఈ యూనియన్ ఉందని ఒక్క ముక్క కూడా అందలేదు. తప్పు ముందు మా వైపు నుంచే మొదలైందని ఇక్కడే చెప్పాలి. డబ్బు అందుకుని మనిషిని పలకరించని యూనియన్‌ను 'ఏజెంటు కమిషన్' అని నావికుడు అనుకుంటే అతన్ని తప్పుపట్టే హక్కు మాకు లేదు.

ఎక్కకముందు

థర్డ్ ఆఫీసర్‌తో మొదట చెప్పింది ఒక్కటే: ఎవరినీ నిలదీయవద్దు, ఏ కాగితమూ దొంగచాటుగా తీయవద్దు, నీ చేతికి ఇచ్చిన కాగితాలను మాత్రం ప్రతి పేజీ ఫొటో తీసి పంపు. ముఖ్యంగా ఉద్యోగ ఒప్పందం. 2006లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించి, 2013 ఆగస్టు 20న అమల్లోకి వచ్చిన నావిక కార్మికుల ఒడంబడిక, ఓడల మీద ఎంఎల్‌సీ అనే పేరుతో అందరికీ తెలిసినది, ప్రతి నావికుడికీ సంతకం చేసిన ఉద్యోగ ఒప్పందం ప్రతి ఇవ్వాలంటుంది. సమష్టి ఒప్పందం ఉంటే ఆ విషయం అందులో రాయాలంటుంది. ఆ సమష్టి ఒప్పందం ప్రతి ఓడ మీద అందుబాటులో ఉంచాలని కూడా అంటుంది.

అతని ఉద్యోగ ఒప్పందం మూడో పేజీలో ఆ వాక్యం ఉంది. యూనియన్ పేరు, ఒప్పందం తేదీ, 'వేతనాలు దీని ప్రకారం' అన్న మాట, అన్నీ ఉన్నాయి. సంతకం అతనిదే. "ఏజెంటు ఆఫీసులో పది నిమిషాల్లో సంతకాలు పెట్టించారు సార్, విమానానికి టైమైపోతోందన్నారు" అన్నాడు. సంతకానికి ముందు చదువుకునే, సలహా తీసుకునే అవకాశం ఇవ్వాలని కూడా ఎంఎల్‌సీలో ఉంది. ఆచరణలో జరిగేది విమానం టైమే.

జీతం చీటీలో మాత్రం ఆ పట్టిక ఛాయ కూడా లేదు. 'కన్సాలిడేటెడ్' అని ఒకే అంకె ఉంది. మూల వేతనం ఎంత, ఓవర్‌టైమ్ ఎంత, సెలవు జీతం ఎంత అన్న విభజన లేదు. కూడి ఇచ్చిన ఒకే అంకె కనపడితే నేను ముందు అనుమానిస్తాను. విడగొట్టి చూపించని జీతాన్ని దేనితోనూ పోల్చలేము.

రెండు ఫైళ్లు

ఓడ రేవులో ఉండేది 58 గంటలు. పొద్దున్నే గ్యాంగ్‌వే ఎక్కి కెప్టెన్‌ను కలిశాను. మర్యాదగల మనిషి. జీతాల లెక్కలు అడగగానే ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఏడు నెలల లెక్కలు, ప్రతి నెలా ప్రతి మనిషికీ ఒక కాగితం, అన్నిటి మీదా సంతకాలు. అంకెలు ఒప్పందంలోని పట్టికతో సెంటు సెంటూ సరిపోయాయి. ఏబీకి, అంటే అనుభవం గల డెక్ నావికుడికి, మూల వేతనం 700. ఆ ఒప్పందంలో వారానికి 40 గంటల పని మీద గంట రేటు కట్టారు కాబట్టి 700ను 173తో భాగించి ఒకటింపావుతో హెచ్చిస్తే ఓవర్‌టైమ్ గంటకు 5.06. హామీగా 103 గంటలు, అంటే 521. నెలకు ఎనిమిది రోజుల సెలవుకు జీతం 187, సెలవు రోజుల భోజన భత్యం 144. మొత్తం 1,552.

ఫైలు చూసి సరేనని దిగిపోయే తనిఖీదారులూ ఉంటారు. నన్ను ఆపింది ఆ కాగితాల శుభ్రత. నిజంగా ఓడ మీద తిరిగిన జీతం లెక్క అంత శుభ్రంగా ఉండదు. ఒక రేవులో 100 డాలర్లు అడ్వాన్సు తీసుకుంటారు. ఓడ మీది దుకాణమైన బాండ్ స్టోరులో సిగరెట్లు, సబ్బులు, శీతల పానీయాలు కొంటారు, ఆ బాకీ 37.40 అనో 12.85 అనో నెలాఖరుకు కోతలో పడుతుంది. ఇంటికి పంపే మొత్తం ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ ఉంటుంది. కెప్టెన్ ఇచ్చిన ఫైలులో ఏడు నెలల పాటు ఒక్కరూ ఒక్క సబ్బు కొనలేదు. మరో సంగతి, నెలలు మారినా సిరా మారలేదు. ఏడు సంతకాలూ ఒకే నీలం పెన్నుతో, ఒకే ఒత్తిడితో, ఒకేసారి కూర్చుని పెట్టినట్టు ఉన్నాయి.

మధ్యాహ్నం మెస్ రూములో కూర్చున్నాను. డెక్ నావికుల పని చూసే బోసన్, ఇద్దరు ఏబీలు, ఇంజను గదిలో పనిచేసే ఆయిలర్ ఒకరు వచ్చారు. కెప్టెన్ ఫైలులోని ఒక ఏబీ కాగితాన్ని, అతని జేబులోని చీటీని బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఒకే నెల, ఒకే పేరు. ఒక దాంట్లో 1,552. రెండో దాంట్లో 1,250. రెండో దాంట్లో అడ్వాన్సు ఉంది, బాండ్ స్టోరు బాకీ ఉంది, 20 డాలర్ల యూనియన్ కోత ఉంది. ఆ ఏబీ తన సంతకాన్ని వేలితో తడిమి, "ఇది నాదే సార్. ఆఫీసుకు పంపాలి, అందరూ ఏడేసి పెట్టండి అన్నారు. పైన అంకెలు చూడలేదు" అన్నాడు. ఆ సంతకాల తంతు జరిగింది నేను ఎక్కడానికి ఆరు రోజుల ముందు. ఆ రేవులో తనిఖీ ఉండొచ్చని కంపెనీకి ఎవరో చెప్పి ఉంటారు.

నెలకు 302 డాలర్ల తేడా. ఏడు నెలలున్న ఏబీకి 2,114. ఇలా 16 మందికి తేడా తేలింది. కెప్టెన్‌కు, చీఫ్ ఇంజనీరుకు పట్టిక ప్రకారమే ముడుతోంది. మిగతా ముగ్గురూ గత రేవులో ఎక్కినవాళ్లు, వాళ్లకు ఇంకా మొదటి జీతమే రాలేదు.

'నేను క్రూ కాదు సార్'

ఈ కేసులో నేను ఎక్కువ సేపు గడిపింది చీఫ్ ఆఫీసర్‌తో. ముప్పై దాటిన యువకుడు, పనిలో గట్టివాడు. మెస్ రూముకు రాలేదు. కార్గో ఆఫీసుకు నేనే వెళ్లాను. "ఇది క్రూ విషయం సార్. నేను మేనేజ్‌మెంట్ స్థాయి అధికారిని. నేను ఇందులోకి రావడం బాగుండదు" అన్నాడు.

ఈ మాట ఎన్ని ఓడల మీద విన్నానో లెక్కలేదు. నావికుల శిక్షణ, సర్టిఫికెట్ల ప్రమాణాలు నిర్ణయించే ఎస్‌టీసీడబ్ల్యూ ఒడంబడికలో 1995 సవరణలు బాధ్యతలను మూడు స్థాయిలుగా విడదీశాయి. నిర్వహణ స్థాయిలో కెప్టెన్, చీఫ్ ఆఫీసర్, చీఫ్ ఇంజనీర్, సెకండ్ ఇంజనీర్. దాని కింద కార్యాచరణ స్థాయి, ఆ కింద సహాయక స్థాయి. అది సామర్థ్యానికి సంబంధించిన విభజన. ఎవరికి ఏ పరీక్ష, ఏ నైపుణ్యం ఉండాలో చెప్పడానికి పెట్టింది. అందులోని 'మేనేజ్‌మెంట్' అన్న మాట పట్టుకుని, తాము కంపెనీ యాజమాన్యంలో భాగమని నమ్మే అధికారులు లెక్కకు మించి ఉన్నారు. ఎంఎల్‌సీ దృష్టిలో ఓడ మీద ఏ హోదాలో పనిచేసినా నావికుడే. ఈ ఓడ సమష్టి ఒప్పందం మొదటి నిబంధనే ఓడ మీది నావికులందరికీ అంటుంది, పట్టిక మొదటి వరుసలో కెప్టెన్ హోదాయే ఉంటుంది.

పట్టిక అతని ముందు పెట్టాను. చీఫ్ ఆఫీసర్ వరుసలో మొత్తం 3,340. అతనికి వస్తున్నది 2,900. ఎక్కి ఐదు నెలలు, పోయింది 2,200. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న డబ్బు గురించి కాదు: "ఈ కాగితం ఓడ మీద ఎక్కడుంది సార్?" కెప్టెన్ గదిలోని సేఫ్‌లో ఉంది. మెస్ రూము గోడ మీద ఉండాల్సింది.

అసలు కష్టమైన సంభాషణ ఇంకా మిగిలే ఉంది. 103 గంటల హామీ ఓవర్‌టైమ్‌ను దాటి చేసిన పనికి గంట లెక్కన అదనంగా ఇవ్వాలని ఒప్పందంలో ఉంది. ఏబీలు, బోసన్ నెలకు సగటున 140 గంటలు చేశామంటున్నారు. అంటే మనిషికి నెలకు మరో 187 డాలర్లు. కాని విశ్రాంతి గంటల రికార్డు అందుకు ఒప్పుకోవడం లేదు. ఆ రికార్డు రాసేది చీఫ్ ఆఫీసరే.

ఎంఎల్‌సీ ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ ఏడు రోజుల్లోనైనా కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ పది గంటలను రెండుకు మించి ముక్కలు చేయకూడదు, ఒక ముక్క ఆరు గంటలకు తగ్గకూడదు. కంప్యూటర్‌లో గంటలు నింపుతున్నప్పుడు లెక్క తప్పితే ఆ గడి ఎర్రబడుతుంది. ఎర్ర గడులతో పంపితే కంపెనీ నుంచి వివరణ అడుగుతూ మెయిల్ వస్తుంది. అందుకని పచ్చగా మారేదాకా గంటలు సర్దుతారు. ఈ కుర్రాడూ అదే చేశాడు. దురుద్దేశం లేదు. అతనికి ముందున్న అధికారి నేర్పి వెళ్లాడు.

గత రేవు నాటి స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ తెప్పించాను. రేవులో ఓడకు ఏ నిమిషాన ఏం జరిగిందో ఏజెంటు రాసి అందరూ సంతకం చేసే పత్రమది. అద్దె లెక్కలు దాని మీదే నడుస్తాయి కాబట్టి అందులో అబద్ధం రాయడానికి ఎవరికీ వీలుండదు. ఆ రాత్రి 22:40కి ఓడను రేవుకు కట్టడం పూర్తయింది. 23:30కి డ్రాఫ్ట్ సర్వే, అంటే ఓడ నీటిలో ఎంత మునిగిందో చూసి సరుకు బరువు లెక్కకట్టడం. 00:15కి మొదటి హ్యాచ్, అంటే సరుకు గది మూత, తెరిచారు. విశ్రాంతి రికార్డులో బోసన్ ఆ రాత్రి 20:00 నుంచి 06:00 దాకా నిద్రపోతున్నాడు. ముందు భాగంలో తాళ్లు కట్టించింది ఎవరు, హ్యాచ్ తెరిపించింది ఎవరు అని అడిగాను. చీఫ్ ఆఫీసర్ ఆ గడుల వైపే చూస్తూ, "బోసనే సార్. రెండు దాటాక పంపాను. మళ్లీ ఆరింటికి రమ్మన్నాను" అన్నాడు. కొంత ఆగి, "అతని డబ్బును నేనే చెరిపేశానన్నమాట" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి అతను నా పక్కనే కూర్చున్నాడు. డెక్ లాగ్‌బుక్, ఇంజను ఆదేశాల టైములు, పైలట్ ఎక్కిన, దిగిన సమయాలు, బాలస్ట్ పంపుల రికార్డు, గ్యాంగ్‌వే కాపలా పుస్తకం ముందేసుకుని ఏడు నెలల్లోని ప్రతి రేవు రోజునూ మళ్లీ కట్టాము. ఇంజను గది వాళ్ల కోసం అలారం ప్రింటౌట్లు పనికొచ్చాయి. రాత్రి మోగిన అలారానికి ఎవరు లేచారో సెకండ్ ఇంజనీరు నోటుపుస్తకంలో ఉంది. సముద్రం మీది రోజుల్లో తుప్పు గీకుతూ, రంగు వేస్తూ గడిచిన అదనపు గంటలకు మాత్రం ఏ జాడా లేదు. ఓవర్‌టైమ్‌ను విడిగా రాసి నెలకోసారి నావికుడి చేత సంతకం పెట్టించాలని ఎంఎల్‌సీ మార్గదర్శకాలు చెబుతాయి. విశ్రాంతి రికార్డు ప్రతిని నావికుడికి ఇవ్వాలన్నది అయితే తప్పనిసరి నియమమే. ఈ ఓడలో ఏదీ జరగలేదు.

బేరం

లెక్క తేలేసరికి ఓడ వెళ్లడానికి 31 గంటలు ఉంది. జీతం పట్టిక తేడా 42,860 డాలర్లు, నిరూపించగలమనుకున్న అదనపు ఓవర్‌టైమ్ 15,400. మొత్తం 58,260. పదహారు మందీ తమ తరఫున మాట్లాడే అధికారం ఇస్తూ సంతకాలు చేశారు. చీఫ్ ఆఫీసర్ మూడోవాడిగా సంతకం చేశాడు. అతను చేశాకే మిగతా జూనియర్ అధికారులు ముందుకు వచ్చారు. ఓడ మీద రేటింగ్‌లు, అంటే అధికారి హోదా లేని నావికులు, అధికారుల ముఖం చూస్తారు, జూనియర్ అధికారులు చీఫ్ ఆఫీసర్ ముఖం చూస్తారు. యూనియన్ సభ్యత్వం గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఆ ఒక్క సంతకం చేసినంత పని చేయవు.

కంపెనీ మొదటి జవాబు: అందరూ ఇష్టపూర్వకంగానే 'కన్సాలిడేటెడ్' జీతానికి ఒప్పుకున్నారు, పైగా ఏబీకి ఇస్తున్నది అంతర్జాతీయ కనీస వేతనం కంటే ఎక్కువ. ఈ రెండో వాదన తరచూ వినిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. యజమానులు, యూనియన్లు అంతర్జాతీయ కార్మిక సంస్థలో కూర్చుని ఏబీకి కనీస మూల వేతనం నిర్ణయిస్తారు. 2025లో అది నెలకు 673 డాలర్లు ఉండేది. అది మూల వేతనం మాత్రమే, ఓవర్‌టైమ్, సెలవు జీతం దాని మీద అదనం. 1,250 మొత్తాన్ని 673తో పోల్చడం మొత్తం ఇంటిని పునాదితో పోల్చడమే. అంతకంటే ముఖ్యం, కనీస వేతనం అడుగు గీత. దాని పైన యజమాని స్వయంగా సంతకం పెట్టిన ఒప్పందం ఉన్నప్పుడు గీత దగ్గరికి దిగజారే హక్కు అతనికి లేదు. వ్యక్తిగత ఒప్పందం ఏదైనా సమష్టి ఒప్పందం కంటే తక్కువ ఇస్తే చెల్లదని ఆ ఒప్పందంలోనే ఒక నిబంధన ఉంది. దాన్ని ఎర్ర గీతతో గుర్తుపెట్టి పంపాను.

రెండో జవాబు సాయంత్రానికి వచ్చింది: సగం నగదుగా ఓడ మీదే ఇస్తాము, 'ఇక ఏ బాకీ లేదు' అన్న రసీదు మీద సంతకాలు పెట్టించండి. నగదు అన్న మాట వినగానే వద్దన్నాను. కొన్నేళ్ల క్రితం మరో ఓడలో నా కళ్ల ముందే నోట్లు లెక్కపెట్టి పంచారు. సంతోషంగా దిగి వచ్చాను. ఓడ రేవు దాటిన రెండో రోజు ఆ డబ్బంతా తిరిగి వసూలు చేశారని నెలన్నర తర్వాత తెలిసింది. ఆ తప్పు నాది. అప్పటి నుంచి బ్యాంకు ఖాతాకు చేరిన సొమ్మునే సొమ్ముగా లెక్కపెడుతున్నాను.

మా చేతిలో ఉన్న దారులు రెండు. ఒకటి, రేవు దేశపు తనిఖీ అధికారులకు ఎంఎల్‌సీ కింద ఫిర్యాదు. జీతం లెక్కలు రెండు రకాలుగా రాయడం వాళ్లు తేలిగ్గా వదిలే విషయం కాదు, ఓడను నిలిపేసే అధికారం వాళ్లకు ఉంది. రెండోది కోర్టుకు వెళ్లి ఓడను అరెస్టు చేయించడం. సముద్ర చట్టంలో నావికుడి జీతం బాకీ ఓడ మీదే ఉండే హక్కు. ఓడ చేతులు మారినా వెంట వస్తుంది, తాకట్టు పెట్టుకున్న బ్యాంకు కంటే ముందు నిలబడుతుంది. ఇంత బలమైన ఆయుధాన్ని నేను చివరికే ఉంచుతాను. అరెస్టయిన ఓడ మీద ఉండాల్సింది మళ్లీ ఆ నావికులే. యజమాని చేతులెత్తేస్తే నెలల తరబడి లంగరు వేసి కూర్చోవాలి. ఈ యజమాని పారిపోయే రకం కాదు. తర్వాతి రేవులో సరుకు ఎదురుచూస్తోంది, ఆలస్యమైతే పోయే అద్దె ఈ బాకీ కంటే ఎక్కువ. అందుకని ఫిర్యాదు రాసి, పంపకుండా, దాని ప్రతిని మాత్రం కంపెనీకి చూపించాను. దీన్ని బెదిరింపు అనేవాళ్లుంటారు. నా లెక్కలో ముందుగా చెప్పి చేయడం.

ఓడ కదలడానికి తొమ్మిది గంటల ముందు తేలింది. పట్టిక తేడా 42,860 పూర్తిగా, ఓవర్‌టైమ్ కింద 9,900, మొత్తం 52,760. ఓవర్‌టైమ్‌లో 5,500 వదులుకున్నాము. అవి సముద్రం మీది గంటలు, పోరాడినా నిరూపించలేము. ఆ మాట పదహారు మందికీ మెస్ రూములో విడమరచి చెప్పి, వాళ్లు సరేనన్నాకే ఒప్పుకున్నాను. బ్యాంకు బదిలీల పత్రాలు, ఇళ్ల నుంచి డబ్బు చేరిందన్న ఫోన్లు వచ్చేదాకా ఓడ దిగలేదు.

ఇందులో ఒక ప్రమాదం తప్పింది. కంపెనీ మంచి స్థితిలో ఉంది కాబట్టి ఏడు నెలల బాకీ వసూలైంది. 2017 జనవరి 18 నుంచి అమల్లో ఉన్న ఎంఎల్‌సీ సవరణల ప్రకారం, యజమాని నావికులను వదిలేస్తే బీమా సంస్థ ఇంటికి పంపే ఖర్చుతో పాటు జీతం బాకీ చెల్లిస్తుంది. కనీసం రెండు నెలల జీతం ఎగ్గొట్టి తెగతెంపులు చేసుకున్నా అది వదిలేయడం కిందికే వస్తుంది. అయితే ఆ బీమా ఇచ్చే జీతం గరిష్ఠంగా నాలుగు నెలలకే. ఆ సర్టిఫికెట్ ఈ ఓడలోనూ నోటీసు బోర్డు మీద ఉంది, దాని మీద బీమా సంస్థ ఫోను నంబరు కూడా ఉంది. ఇంటికెళ్లేటప్పుడు అంతా కలిపి తీసుకుందామని నెలల బాకీని ఓడ మీద వదిలేసే నావికులకు నాలుగు నెలలు అన్న ఈ హద్దు తెలియదు.

తర్వాత

మూడు వారాల తర్వాత మరో రేవులో మా సహచరుడు ఆ ఓడ ఎక్కాడు. డబ్బు వెనక్కి అడగలేదు. సమష్టి ఒప్పందం మెస్ రూము గోడ మీద ఉంది. జీతం చీటీల్లో విభజన వచ్చింది. విశ్రాంతి రికార్డులో కొన్ని గడులు ఎర్రగానే ఉన్నాయి, చీఫ్ ఆఫీసర్ వాటి పక్కన కారణం రాశాడు. కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందట, జవాబు కూడా రాశాడట.

థర్డ్ ఆఫీసర్‌ను కాంట్రాక్టు మధ్యలో దింపేయాలని కంపెనీ ఒకసారి ప్రయత్నించింది. యూనియన్‌ను సంప్రదించినందుకు ఎవరినీ తొలగించకూడదన్న నిబంధన చూపించి ఆపాము. కాంట్రాక్టు పూర్తి చేసి దిగాక మాత్రం ఆ మేనింగ్ ఏజెంటు అతని ఫోన్లు తీయలేదు. నావికులకు పని దొరకకుండా చేసే జాబితాలు ఎంఎల్‌సీ నిషేధించింది. ఎత్తని ఫోనును జాబితా అని నిరూపించడం నా వల్ల కాలేదు. నాలుగు నెలలు ఖాళీగా ఉండి వేరే కంపెనీలో చేరాడు. ఆ నాలుగు నెలల జీతం ఏ ఒప్పందం కింద అడగాలో నాకు తోచలేదు, ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

ఆ ఒప్పందం చేసుకున్న యూనియన్ ఇప్పుడు కంపెనీ నుంచి సిబ్బంది జాబితా రాగానే ప్రతి పేరుకూ జీతాల పట్టికను ఫోనుకు పంపుతోంది. మా కార్యాలయంలోనూ అదే మొదలుపెట్టాము. చాలా ఆలస్యంగా మొదలుపెట్టాము.

వంటవాడి సంగతి మిగిలింది. పదహారు మందిలో అదనపు ఓవర్‌టైమ్ ఒక్క డాలరు కూడా రానిది అతనికే. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రాత్రి ఎనిమిది దాకా పొయ్యి దగ్గర ఉంటాడని ఓడలో అందరికీ తెలుసు. పైలట్ వచ్చిన టైము బ్రిడ్జి మీద రాస్తారు, పంపు తిప్పిన టైము ఇంజను గదిలో రాస్తారు, వంటగదికి లాగ్‌బుక్ లేదు. నేను దిగే ముందు గ్యాంగ్‌వే దగ్గర ఆపి, చేతిలో ఉన్న చిన్న నోటుపుస్తకం చూపించి, రోజూ ఏం రాసుకోవాలని అడిగాడు. పొయ్యి వెలిగించిన టైము, ఆర్పిన టైము, మధ్యలో పడుకుంటే ఆ టైములు, నెలాఖరుకు చీఫ్ ఆఫీసర్ సంతకం అని చెప్పాను. మొదటి పేజీలో ఆ రోజు తేదీ వేసి 04:30 అని అక్కడే రాశాడు.